నిమ్మాకు మీద పందెం

బ్యాంకులో నా సంతకం కలవడం లేదు. ఏటా నవంబరులో నేనింకా బతికే ఉన్నానని ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. కౌంటరు అవతల కూర్చున్న అమ్మాయి ఆ సంతకాన్నీ, తన దగ్గరున్న పాత సంతకాన్నీ మార్చి మార్చి చూసి, ఇది మీది లాగా లేదు అంకుల్ అంటుంది. మళ్ళీ పెడతాను. అది పాతదానిలాగా ఉండదు సరికదా, ఇప్పుడే పెట్టిన మొదటిదానిలాగా కూడా ఉండదు. మూడోది పెట్టేసరికి ఆ అమ్మాయికి జాలేసి ముద్ర కొట్టేస్తుంది. మనిషి ఎదురుగా నిలబడినా బతికున్నట్టు లెక్క కాకపోవడం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. చిన్నతనంగా అనిపించేది ఇంకొకటి. నేను జీతం తీసుకున్నది ఇతరులకు సంతకాలు నేర్పినందుకు.

డెబ్భైల మొదట్లో సంగతి. జంతుశాస్త్రం చదివి బీయస్సీ పాసయ్యాను. కప్పను కోయడం, బొద్దింక నోటి భాగాలు విడదీసి అట్ట మీద వరసగా అంటించడం నాకు బాగా వచ్చు. ఈ రెండు పనులకూ మనిషి కావాలని రెండేళ్ళలో ఏ పేపర్లోనూ ప్రకటన పడలేదు. మూడో ఏడు గోదావరిఖనిలో అక్కావాళ్ళ క్వార్టరుకు చేరాను. బావ బొగ్గుబావిలో ఫిట్టరు. రెండు గదులు వాళ్ళవి, వరండా నాది. బావ మంచివాడు. మంచివాడు కాబట్టే నా సంగతి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు, అక్కతో మాట్లాడేవాడు, వరండాలోకి వినిపించేంత గట్టిగా.

ఒకరోజు ఒక ఫారం తెచ్చి రేడియో కింద పెట్టాడు. బదిలీ ఫిల్లరు ఉద్యోగానికి దరఖాస్తు. ఫిల్లరు అంటే బావిలో దిగి, పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవాడు. బదిలీ ఫిల్లరు అంటే, ఆ ఎత్తేవాడు ఆ రోజు రాకపోతే ఎత్తేవాడు. అక్కడ దాన్ని తట్టా చెమ్మస్ పని అంటారు. తట్ట అంటే తట్టే, చెమ్మస్ అంటే పార. ఫారంలో నా పేరు, మా నాన్న పేరు, పుట్టుమచ్చలు అన్నీ బావే నింపేశాడు. సంతకం చోటు మాత్రం నా కోసం వదిలాడు. నా అరచేతులు ఎప్పుడైనా చూశావా అని అక్కనడిగితే, "చూసిన. మెత్తగ అన్నం తినెటట్టే ఉన్నయ్," అంది.

సరిగ్గా అప్పుడే మా బావి మీద వయోజన తరగతి ఒకటి మొదలైంది. వేలిముద్రలు వేసే కార్మికులకు చదవడం, రాయడం నేర్పాలి. చెప్పేవాడికి డిగ్రీ ఉంటే చాలు. వెల్ఫేరు ఆఫీసరు నన్ను ఐదు నిమిషాలు చూసి తీసుకున్నాడు, ఒక షరతు మీద. ఆరు నెలల తర్వాత ఆయన వచ్చి చూస్తాడు. కనీసం ఇరవై మంది సంతకం పెట్టడమే కాకుండా వేరే ఏదైనా సొంతంగా రాయగలిగితే తరగతి ఉంటుంది, నేను పర్మినెంటు. లేకపోతే రెండూ ఉండవు. "సంతకం చదువు కాదండీ, అది బొమ్మ గీయడం," అన్నాడాయన. ఆ మాటతో నాకు తేలిగ్గా బయటపడే దారి మూసుకుపోయింది. ఇంటికి వచ్చి చెబితే బావ సంతోషించాడు. ఫారం మాత్రం రేడియో కిందనే ఉంచాడు.

కేంటీను పక్కన సైకిళ్ళు పెట్టుకునే షెడ్డుకు మూడు వైపులా గోడ లేపి దాన్ని తరగతి అన్నారు. నాలుగోవైపు ఖాళీ. అటు కేంటీనువాళ్ళు గిన్నెలు తోమే చోటు, ఆ నీళ్ళకు పెరిగిన ఒక నిమ్మచెట్టు, ఒక జామ, ఒక కరివేప. మూడింటికి మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, కళ్ళ అంచుల్లో కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలి ఉండగా మూడున్నరకు వచ్చేవాళ్ళు. రిజిస్టరులో ఇరవై ఎనిమిది మంది. ఎనిమిది గంటలు బావిలో పనిచేసి వచ్చిన మనిషికి నీడ, బెంచీ, సన్నగా వినిపించే ఒక గొంతు దొరికితే ఏం చేస్తాడు? ఇరవై ఎనిమిది మందీ అదే చేసేవాళ్ళు. మెలకువగా ఉండేవాడిని నేనొక్కడినే. రెండో నెలలో నా గురించి కూడా ఖాయంగా చెప్పలేను.

దోషం పూర్తిగా వాళ్ళది కాదు. వాచకంలో మొదటి పాఠం పొదుపు గురించి. నేను బోర్డు మీద 'పొదుపు' అని రాయడం, వాళ్ళు గురకతో బదులివ్వడం, ఇలా ఎనిమిది వారాలు గడిచాయి.

వాళ్ళలో పెద్దవాడు ఒక కాక. యాభైకి దగ్గర. బావిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. బొగ్గు పేల్చిన తర్వాత లోపలికి ముందు పోయేది ఆయనే. చేతిలో కర్ర. కప్పును దానితో కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే లోపల రాయి విడింది, ఎవ్వరూ రావద్దు. మా తరగతికి వచ్చిన మొదటి రోజు కూడా షెడ్డు పైనున్న రేకును గొడుగు కర్రతో మూడు చోట్ల కొట్టి చూసి, గోడ పక్కన ఒక జాగా ఎంచుకొని కూర్చున్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాడు. పాటలన్నీ నోటికి వచ్చు కనుక ఏ పేజీ తెరిచినా ఆయనకు ఒకటే.

ఒక మధ్యాహ్నం నేను 'పొదుపు' రాసి వెనక్కి తిరిగితే కాక మేలుకొని ఉన్నాడు. చాలా సంతోషించాను. కాసేపటికి ఆయన చూపు నా భుజం పక్కగా పోతోందని తెలిసింది. నిమ్మచెట్టు దగ్గర ఒక సీతాకోకచిలుక తిరుగుతోంది. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు. ఒక ఆకు మీద వాలుతుంది, రెక్కలు ఆడిస్తూనే ముందుకాళ్ళతో టకటకా కొడుతుంది, లేచిపోతుంది. జామాకు మీద వాలి కొడుతుంది, లేస్తుంది. మళ్ళీ నిమ్మ.

"కప్పు చూస్తాంది," అన్నాడు కాక.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. రెండేళ్ళుగా లోకానికి అక్కర్లేని నా చదువుకు మొదటిసారి ఒక ప్రశ్న దగ్గరగా వచ్చింది. కప్పు చూడడం కాదు కాకా, రుచి చూస్తోంది, దాని రుచి కాళ్ళల్లో ఉంటుంది అన్నాను. ఆకును కాళ్ళతో కొట్టి రసం రుచి తెలుసుకుంటుంది, తనకోసం కాదు, తను తాగేది పూలలో తేనె. పుట్టబోయే పురుగులు ఏ ఆకు తింటాయో ఆ రుచి దొరికితేనే గుడ్డు పెడుతుంది. లేకపోతే ఇంకో చెట్టు. ఇదంతా చెప్పేసరికి నలుగురు నిద్రలేచారు. టబ్బులను లాగే ఇనుప తాడు దగ్గర పనిచేసే హాలేజీ అన్న ఒకడున్నాడు, మూడు పదులు దాటనివాడు, అందరిలోకి చురుకు. వాడు కళ్ళు నులుముకుంటూ అడిగాడు.

"కాళ్ళతోని రుచి చూస్తే, పెండల కాలు వెట్టినప్పుడు ఎట్ల సారూ?"

నా సిలబస్‌లో దీనికి జవాబు లేదు. చూసి నడుస్తుంది అన్నాను.

ఎవరూ నమ్మలేదు. కాక మాత్రం నమ్మనూ లేదు, కొట్టిపారెయ్యనూ లేదు. మూడు రోజులు అదే జాగాలో కూర్చొని చెట్టును చూశాడు. నాలుగో రోజు తను కనిపెట్టింది చెప్పాడు. రోడ్డు వైపు ఆకుల మీద బొగ్గుదుమ్ము పట్టి ఉంటుంది. వాటి మీద సీతాకోకచిలుక ఊరికే కొడుతుంది, గుడ్డు పెట్టదు. గిన్నెలు తోమే వైపు ఆకులు నీళ్ళు చింది శుభ్రంగా ఉంటాయి. గుడ్లన్నీ అటే. "మసి కింద రుచి దొరుకుత లేదు దానికి," అన్నాడు. మా కాలేజీలో మూడేళ్ళు పాఠం చెప్పిన వాళ్ళెవరూ చెట్టు దగ్గర మూడు రోజులు కూర్చున్నట్టు నాకు గుర్తులేదు.

"మరి పురుగు? అది సుత రుచి చూస్తదా, తల్లి పెట్టింది తింటదా?" అని హాలేజీ అన్న అడిగాడు. చూస్తుందన్నాను. దాని నోటి దగ్గర చిన్న చిన్న మొలకలుంటాయి, వాటితో తెలుసుకుంటుంది. తనది కాని ఆకు మీద పెడితే ఆకలితో చస్తుంది కానీ తినదు. ఈ మాట షెడ్డులో ఎవరికీ మింగుడు పడలేదు. ఆకలైతే ఏదైనా తింటుంది అని సగం మంది, తినదు అని సగం మంది. ఇన్నాళ్ళలో ఇరవై ఎనిమిది మందీ మెలకువగా ఉండడం అదే మొదలు.

కేంటీనులో గిన్నెలు తోమే అవ్వ ఒకామె ఉండేది. నిమ్మచెట్టు పెంచింది ఆమే. పురుగు కనిపిస్తే చెప్పుతో నలిపేది. ఆమెను బతిమాలి ఒక పురుగును తెచ్చాం. గొంగళిపురుగు అంటారు కానీ దీనికి గొంగళి లేదు, నున్నగా పచ్చగా చిటికెనవేలంత ఉంటుంది. చిన్నప్పుడు పిట్ట రెట్టలాగా ఉండేదట, అందుకని అవ్వకు కనిపించక బతికిపోయిందట. అట్టముక్క మీద చుట్టూ నాలుగు ఆకులు పెట్టాం. నిమ్మ, జామ, వేప, మునగ. మధ్యలో పురుగు. అది తలెత్తి అటూ ఇటూ ఊపింది, వేప దాకా పోయింది, అంచుకు నోరానించి తల తిప్పేసుకుంది. మునగ దగ్గరా అంతే. పావుగంట తర్వాత నిమ్మాకు చేరి, రంపం పెట్టినట్టు అంచు నుంచి కోసుకుంటూ తిన్నది. ఇరవై ఎనిమిది మంది పెద్దమనుషులు ఊపిరి బిగబట్టి చూశారు.

మర్నాటి నుంచి పందేలు. ఓడినవాడు గెలిచినవాడికి మిర్చి బజ్జి పెట్టాలి. ఇది చదువు కాదని నాకు తెలుసు. కానీ రిజిస్టరులో హాజరు నిండుతోంది, నా ఫారం రేడియో కిందనే ఉంటోంది.

నిమ్మ మీద పందెం కడితే అందరూ గెలుస్తారు కనుక నిమ్మాకు పెట్టకుండా ఆడడం మొదలుపెట్టారు. సెలవు రోజున ఎవరో రామగిరి గుట్టల దాకా పోయి వెలగాకు, మారేడాకు తెచ్చారు. ఇంకెవరో బసంత్‌నగర్ నుంచి సిమెంటు లారీలో వస్తూ దారిలో దిగి తంగేడు కోసుకొచ్చారు. నిమ్మచెట్టు మీద పుట్టిన పురుగు మారేడాకు తినేసిన రోజు పెద్ద గొడవైంది. నిమ్మ తప్ప ముట్టదని నేనే అన్నానట. అది కూడా నిమ్మ కుటుంబమే, రుచి ఒకటే అని వివరించాను. "అంటే సుట్టాలింట్ల తింటది," అని కాక తేల్చాడు. జిల్లేడు మీది చారల పురుగును తెచ్చి నిమ్మాకు పెడితే అది ముట్టలేదు. దాంతో జిల్లేడు పార్టీ, నిమ్మ పార్టీ అని రెండయ్యాయి. రెండు యూనియన్ల మధ్య కూడా అంత పట్టుదల నేను చూడలేదు.

అసలు తగువు వేరే వచ్చింది. పురుగు ఏ ఆకు తింటే ఆ ఆకే నేనన్నాను అని తర్వాత అందరూ అనేవాళ్ళు. రోజూ ఇరవై ఎనిమిది మంది గెలిచేవాళ్ళు, బజ్జీ పెట్టేవాడు ఒక్కడూ మిగిలేవాడు కాదు. చివరికి కాక అన్నాడు: "నోటి మాట పనికిరాదు. ఎవలది వాళ్ళు ముందుగాల్ల రాసి పెట్టాలె. కింద పేరు రాయాలె."

అందరూ నా వైపు చూశారు. రాయను అన్నాను. దీన్ని బోధనా పద్ధతి అని తర్వాత కాలంలో చాలామంది మెచ్చుకున్నారు. రోజుకు ఇరవై ఎనిమిది చీటీలు రాయడానికి బద్ధకమేసి అన్నాను. కావలసిన ఆకుల పేర్లు బోర్డు మీద రాస్తాను, చూసి ఎవరిది వాళ్ళే రాసుకోండి అన్నాను.

అ ఆలు చెప్పడానికి నాకు పట్టిన రెండు నెలల్లో వాళ్ళకు 'అ' కూడా రాలేదు. ఇప్పుడు మూడు వారాల్లో నిమ్మ, జామ, వేప, మునగ, వెలగ, మారేడు, తంగేడు, గన్నేరు వచ్చేశాయి. జిల్లేడు కొంచెం కష్టపెట్టింది, కానీ ఆ పార్టీవాళ్ళు పౌరుషంతో నేర్చుకున్నారు. బోర్డు తుడిచేసినా రాయగలిగారు. ఎందుకంటే బోర్డు వైపు చూస్తే పక్కవాడికి తను కట్టిన ఆకు తెలిసిపోతుంది. ఒకరి చీటీ ఒకరు తొంగి చూడడానికి చదవడం నేర్చుకున్నారు. ఒకడి మీద ఒకడికి నమ్మకం లేకపోవడం అక్షరాస్యతకు ఇంత మేలు చేస్తుందని వాచకం రాసిన వాళ్ళకు తెలియదు.

ఐదో నెలలో హాలేజీ అన్న జామ మీద పందెం కట్టాడు. జామ ఎప్పుడూ ఓడే ఆకు. పైగా మారేడు కూడా పెట్టి ఉంది. అందరూ నవ్వారు. పురుగు తలాడించుకుంటూ పోయి జామాకు అంచు పట్టి కొరికింది. షెడ్డు లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధమైతే రేపటి నుంచి వీళ్ళు మళ్ళీ నిద్రపోతారు. నేను అట్ట మీదికి వంగి ఆకును చూస్తున్నాను, ఏం కనిపెట్టాలో తెలియకుండా. గిన్నెలు పక్కన పెట్టి అవ్వ వచ్చింది. హాలేజీ అన్న చెయ్యి పట్టుకొని వాసన చూసింది.

"ఇందాక నా చెట్టు ఆకులు పిడికెడు తెంపి దంచింది నువ్వే గదరా," అంది. "గోళ్ళు చూడుండ్రి."

నిమ్మాకు నలిపి ఆ రసం జామాకు మీద పూశాడు. కొందరు కొట్టడానికి లేచారు. వాడు నా వెనక నక్కాడు. "సారే గదా చెప్పింది, కంటితోని కాదు, రుచితోని తెలుసుకుంటదని. నిజమో కాదో చూసిన," అన్నాడు. పాఠం విన్న శిష్యుణ్ణి కొట్టించడం నాకు ఇష్టం లేకపోయింది. అంతలో ఎవరో అట్ట చూపించారు. పురుగు ఒక్క కొరుకు కొరికి వదిలేసి, మారేడు వైపు పోతోంది. పూత పైపైనే ఉంది, లోపల జామ జామే.

ఒక్క కొరుకు తిన్నట్టా కాదా అని అరగంట వాదన. జిల్లేడు పార్టీ తిన్నట్టే అంది, కారణం లేకుండా. చివరికి కాక లేచి కర్ర నేలకు ఆనించి, కొరికి వదిలింది తిన్నట్టు కాదు అని తీర్పు చెప్పాడు. ఇది మళ్ళీ మళ్ళీ తగువు కాకుండా రాసి పెట్టాలన్నాడు. చాక్‌పీసు నేను అందుకోబోతే, "నువ్వు కూసో సారూ," అని ఆయనే తీసుకున్నాడు. పక్కవాళ్ళు అక్షరాలు అందిస్తుంటే, చెమటలు కక్కుతూ, నలభై నిమిషాల్లో బోర్డు మీద మూడు వరసలు రాశాడు. రసం పూసిన ఆకు చెల్లదు. కొరికితే తిన్నట్టు కాదు. పురుగును పొడవరాదు. మూడోది ఎందుకంటే, పొడిస్తే అది మెడ వెనక నుంచి రెండు నారింజరంగు కొమ్ములు బయటపెట్టి కుళ్ళిన నిమ్మకాయ కంపు కొడుతుంది, ఆ రోజు ఇక దేన్నీ ముట్టదు.

ఆ మూడు వరసలను ఎవరూ తుడవలేదు. కాబట్టి, చెప్పిన తేదీకి రెండు వారాల ముందే, చెప్పకుండా, వెల్ఫేరు ఆఫీసరు షెడ్డులోకి వచ్చినప్పుడు అవి బోర్డు మీదే ఉన్నాయి. అట్టముక్క బల్ల మీద ఉంది. దాని మీద పురుగు ఉంది. చుట్టూ ఆకులు ఉన్నాయి. ఇరవై ఆరు మంది ఉన్నారు. ఆయన బోర్డు చదివాడు, రెండుసార్లు.

"ఇది ఎన్నో పాఠమండీ?" అని అడిగాడు.

కంపెనీ జాగాలో కార్మికులతో పందేలు ఆడించినవాడికి ఏమవుతుందో నాకు తెలుసు. బదిలీ ఫిల్లరుగా కూడా తీసుకోరు. ప్రకృతి పాఠం సార్ అన్నాను. ఆయన వాచకం తెరిచి మొదటి పాఠం చదవమన్నాడు. ఎవరికీ రాలేదు. సరే, పొదుపు అని రాయండి అన్నాడు. పెన్సిళ్ళు పట్టుకొని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాక మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"అది ఏ చెట్టు సారూ? గీ దిక్కు దొరుకుతదా?"

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆయన వాచకం మూసేసి, వచ్చినదేదో రాయండి చూద్దాం అన్నాడు, అప్పటికే లేచిపోయేవాడి గొంతుతో. వాళ్ళకు వచ్చింది ఒకటే. ఎవరి చేతులు వాళ్ళు అడ్డం పెట్టుకొని, పక్కవాడికి కనబడకుండా, ఇరవై ఆరు మందీ చీటీలు రాసి, మడిచి, అలవాటుగా అట్టముక్క పక్కన పడేశారు. ఆఫీసరు ఒక్కొక్కటీ విప్పాడు. మారేడు, కింద పేరు. వెలగ, పేరు. మారేడు. మారేడు. గన్నేరు, ఎవడో మొండివాడు. కరివేప.

"ఇంతమంది మారేడు ఎందుకు రాశారు?" అన్నాడాయన.

"అది దాని సుట్టం సార్," అని హాలేజీ అన్న మొదలుపెట్టి కాళ్ళ రుచి నుంచి పూత రసం దాకా మొత్తం చెప్పేశాడు, బజ్జీల సంగతితో సహా. నేను ఆపలేకపోయాను. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. తర్వాత కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఏమనుకున్నాడో, జేబులోంచి పెన్ను తీసి తనూ ఒక చీటీ రాసి, మడిచి కుప్పలో పడేశాడు.

పురుగు మారేడు దాకా పోయింది. ఆగలేదు. వెలగ మీదుగా, కరివేప మీదుగా నడిచింది. నోరు కూడా ఆనించలేదు. అట్ట దిగింది, బల్ల దిగింది, గోడ ఎక్కడం మొదలుపెట్టింది. అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు నాకు తట్టింది. పట్టి తెచ్చినప్పుడే తెలియవలసింది, డిగ్రీ ఉన్నవాణ్ణి. దానికి తినే రోజులు అయిపోయాయి. ఇక ఏ రుచీ దానికి అక్కర్లేదు, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటోంది. ఆ ముక్కే చెప్పాను. ఆఫీసరు తన చీటీ తను వెతికి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. మిగతావన్నీ ఫైలులో పెట్టుకున్నాడు. అయితే ఇవాళ అందరూ ఓడినట్టే అన్నాడు. నవ్వలేదు. జీపెక్కి పోయాడు.

నేను ఇంటికి పోయి, బావ అడగకముందే, రేడియో కింది ఫారం మీద సంతకం పెట్టాను. అది నా సంతకంలాగే ఉంది. ఆ రాత్రి అన్నంలో అక్క నాకు ఎప్పుడూ వెయ్యనంత నెయ్యి వేసింది. అది చూసి ఇంకా భయమేసింది. వారం రోజులు తరగతికి పోయి నిలబడి వచ్చాను. వాళ్ళు పందెం వేస్తామన్నా వద్దన్నాను. ఇద్దరు ముగ్గురు మళ్ళీ నిద్రపోవడం మొదలుపెట్టారు. సామాన్లు లేని గదిలా ఉండేది షెడ్డు. అవ్వ వచ్చి, పురుగులు నా చెట్టంతా తింటున్నాయి, తీసుకుపోతారా నలపాలా అని అడిగింది. రేపు చెబుతానన్నాను.

ఎనిమిదో రోజు కాగితం వచ్చింది. స్థానిక వనరులను ఉపయోగించి, అభ్యాసకుల ఆసక్తిని మేల్కొల్పి, తక్కువ కాలంలో ఇరవై ఆరు మందిని అక్షరాస్యులను చేసిన పద్ధతి అభినందనీయమని, తరగతి కొనసాగుతుందని, బోధకుణ్ణి పర్మినెంటు చేస్తున్నామని. స్థానిక వనరు అంటే పురుగు అని అర్థం చేసుకోవడానికి నాకు కాస్త టైం పట్టింది. బజ్జీల ప్రసక్తి ఎక్కడా లేదు. ఆయన ఏ ఆకు రాసుకున్నాడో ఈ రోజుకీ తెలియదు.

ఆ సాయంత్రం కేంటీను నుంచి రెండు పళ్ళేల బజ్జీ తెప్పించి, కాగితం గట్టిగా చదివి వినిపించాను. పద్ధతి అన్న మాట దగ్గర కొంచెం ఆగాను, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని. అందరూ తింటున్నారు. హాలేజీ అన్న కాగితం నా చేతిలోంచి తీసుకొని, వేలు పెట్టి మొదటి వరస తనే కూడబలుక్కొని చదివి, నిజమే అని పక్కవాళ్ళకు చెప్పాడు. ఇందులో నాదేముంది, మీ కష్టమే అన్నాను, వినయంగా, కాదంటారన్న నమ్మకంతో. కాక బజ్జీ నములుతూ, తొందర లేకుండా, పూర్తిగా మింగి, మూతి తుడుచుకొని అన్నాడు:

"నిజమే సారూ. నువ్వు చెప్పినన్ని దినాలు మాకు ఒక్క అక్షరం రాలె. పురుగు ఏది వడితె అది తినకపోవట్టే నేర్సినం. పర్మినెంటు దానికి చెయ్యాలె."